పాత కారుకి రేడియల్ టైర్లు: మన గోదావరి రోడ్లకి సరిపడేవి ఎలా ఎంచుకోవాలి

షెడ్డులో కవరు కప్పి దాచుకున్న అంబాసిడర్లు, పద్మినిలు మన గోదావరి జిల్లాల్లో ఇంకా చాలానే ఉన్నాయి. సంక్రాంతికో, ఇంట్లో పెళ్లికో బయటికి తీస్తారు. ఆయిల్ మారుస్తారు, బ్యాటరీ మారుస్తారు, పాలిష్ పట్టిస్తారు. టైర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం "బటన్ (టైరులో నేలకి తగిలే రబ్బరు) ఉంది కదా, ఇంకో ఏడాది లాగుదాం" అంటారు. లేదంటే ఉత్సాహం పట్టలేక, షాపులో బాగా కనిపించిన వెడల్పాటి టైర్లు వేయించేస్తారు. మొదటిదాంతో నడిరోడ్డు మీద టైరు పేలుతుంది. రెండోదాంతో స్టీరింగ్ బరువెక్కి, మూల తిప్పినప్పుడల్లా మడ్‌గార్డుకి టైరు రాసుకుని, చివరికి కారు తీయాలంటేనే విసుగొస్తుంది.

మన డెల్టాలో పాత కారుకి కావలసింది సన్నగా, ఎత్తుగా ఉండి, ఈమధ్యే తయారైన రేడియల్. ఎందుకో, దాన్ని ఎలా ఎంచుకోవాలో వరసగా చెబుతాను. షాపుకి వెళ్లకముందే చేసుకోవలసిన పని సగం ఉంది, అందుకని ఓపిగ్గా చదవండి.

అసలు మీ కారుకి రేడియల్ కావాలా?

మన మెకానిక్కులు నైలాన్ టైరు అనే పాతరకం టైరులో లోపలి పొరలు ఏటవాలుగా, ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా పోతాయి. ఆ పొరలే నేలకి తగిలే భాగంలోనూ, పక్క గోడలోనూ ఉంటాయి. అందుకే నైలాన్ టైరు పక్క గోడ కూడా మందంగా, గట్టిగా ఉంటుంది. రేడియల్‌లో తాళ్లు ఒక బీడింగ్ (రిమ్ములో కూర్చునే టైరు లోపలి అంచు) నుంచి రెండో బీడింగ్‌కి నేరుగా పోతాయి, బటన్ కింద మాత్రం స్టీలు బెల్టులు చుట్టి ఉంటాయి. నేలని పట్టుకునే భాగం గట్టిగా, పక్క గోడ మెత్తగా ఉండటం దీని లక్షణం. మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంట్ తీసుకుని, 1949లో ఈ టైర్లని మార్కెట్‌లోకి తెచ్చింది. మన అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 డిజైన్ 1950లలోది. అప్పటి కార్ల సస్పెన్షన్‌ని నైలాన్ టైర్లనే దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. రేడియల్ వేస్తున్నామంటే ఆ కారుకి కొత్త అలవాటు నేర్పుతున్నట్టే. నేర్పొచ్చు, బాగానే నేర్చుకుంటుంది కూడా. కాకపోతే కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి.

లాభం ఎక్కడంటే, తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు, హైవే మీద 70, 80 వేగంలో వెళ్తున్నప్పుడు. రోడ్డు మీద గీతలు, గాడులు ఉంటే నైలాన్ టైరు వాటి వెంట పోతుంది. రావులపాలెం దాటి సిద్ధాంతం వంతెన వైపు జాతీయ రహదారి మీద నైలాన్ టైర్లతో వెళ్లినవాళ్లకి, స్టీరింగ్‌ని అటూ ఇటూ చిన్నగా సర్దుకుంటూ పోవడం బాగా తెలుసు. రేడియల్ వేశాక ఆ సర్దుడు చాలావరకు పోతుంది. టైరు తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ దూరం నడుస్తుంది.

అయితే కారు ఊళ్లోనే తిరిగేదైతే, లేదా పాత రూపం చెక్కుచెదరకుండా ప్రదర్శనలకి పెట్టుకునేదైతే నైలాన్‌తోనే ఉండటంలో తప్పేం లేదు. పాత విల్లీస్, మహీంద్రా జీపులకి 6.00-16 నైలాన్ టైర్లే బాగా నప్పుతాయి. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ట్రాక్టరు ముందు చక్రాలకీ 6.00-16 సైజే వస్తుంది. మన ఊళ్లలో అది ఏ షాపులోనైనా దొరుకుతుంది కాబట్టి జీపుకి వేసేస్తుంటారు. పొలం పనికి, నెమ్మదిగా నడవడానికి తయారైన టైరు అది. నిలువు గాళ్లతో ఉండే ఆ ట్రాక్టరు టైరుని రోడ్డు మీద తిరిగే జీపుకి దయచేసి వేయకండి.

రిమ్ము విప్పి, శుభ్రం చేసి, కొలవండి

టైరు సైజు గురించి ఆలోచించేముందు రిమ్ము చూడాలి. నాలుగు చక్రాలూ, స్టెప్నీ కూడా విప్పించండి. పాత టైర్లు ఊడదీయించి ఖాళీ రిమ్ములని వెలుతురులో పెట్టండి. మన ప్రాంతంలో రిమ్ములు లోపలినుంచి తినేస్తాయి. సముద్రపు గాలి ఒకటి, రోడ్ల మీద రొయ్యల, చేపల లారీలు కారుస్తూపోయే ఉప్పునీళ్లు ఇంకొకటి. భీమవరం, పాలకొల్లు, నర్సాపురం వైపు తిరిగే కార్ల రిమ్ములు విప్పితే బీడింగ్ కూర్చునే చోట పొరలు పొరలుగా తుప్పు కనిపిస్తుంది. పైన పెయింటు నిగనిగలాడుతున్నా సరే, నమ్మకండి.

వైరు బ్రష్షు పట్టుకుని ఆ తుప్పు మొత్తం రాలగొట్టండి. తర్వాత ఈ మూడు చోట్లా వేలుతో తడుముతూ చూడండి. నట్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగుళ్లు ఉన్నాయా? మధ్య డిస్కు, బయటి రిమ్ము కలిసే అతుకు దగ్గర పగులు ఉందా? బీడింగ్ కూర్చునే అంచు వంకరపోయిందా? అనుమానంగా ఉంటే ఆ చోట కిరోసిన్ రాసి తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. పగులుంటే కిరోసిన్ మళ్లీ బయటికి ఊరి, తెల్ల సుద్ద మీద సన్నని తడి గీతలా కనిపిస్తుంది. రేడియల్ టైరు నేలని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, మలుపుల్లో రిమ్ము మీద నైలాన్ కన్నా ఎక్కువ ఒత్తిడి పెడుతుంది. పగులున్న రిమ్ముకి వెల్డింగ్ పెట్టించి రేడియల్ వేయడం ప్రమాదం. ఆ రిమ్ము పక్కన పడేసి మంచిది వెతుక్కోండి.

అన్నీ బాగుంటే, రిమ్ము లోపలి వెడల్పు కొలవండి. బయటి అంచు నుంచి అంచుకి కొలిస్తే లెక్క తప్పుతుంది. టైరు బీడింగ్ ఆనుకునే రెండు నిలువు గోడల మధ్య దూరం కావాలి. స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే చాలు. పాత కార్లకి ఇది 4, 4.5 అంగుళాల దగ్గర ఉంటుంది. ఈ ఒక్క అంకె మీ చేతిలో ఉంటే షాపులో మిమ్మల్ని ఎవరూ తప్పుదారి పట్టించలేరు.

సైజు లెక్క

అంబాసిడర్ పాత సైజు 5.90-15. అంటే టైరు వెడల్పు 5.90 అంగుళాలు, దాదాపు 150 మిల్లీమీటర్లు, రిమ్ము 15 అంగుళాలు. ఫియట్ 1100, పద్మినిలకి 5.20-14. స్టాండర్డ్ హెరాల్డ్‌కి 5.20-13. ఈ సైజుల్లో ఎత్తు ఎంతో రాయరు. అప్పటి టైర్ల ఎత్తు, వెడల్పు దాదాపు సమానంగా ఉండేవి కాబట్టి రాయవలసిన పని లేకపోయింది.

రేడియల్ సైజు వేరేగా ఉంటుంది. 165/80 ఆర్15 అని ఉందనుకోండి. 165 వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం. ఆర్ అంటే రేడియల్. 15 రిమ్ము. ఇప్పుడు మొత్తం టైరు ఎత్తు లెక్కకడదాం: 165లో 80 శాతం 132. కిందా పైనా కలిపి 264. రిమ్ము 15 అంగుళాలు, అంగుళానికి 25.4 చొప్పున 381. మొత్తం 645 మిల్లీమీటర్లు.

ఇక మీ పాత టైరు ఎత్తు కావాలి. కారు నుంచి తీసిన చక్రానికి సరిపడా గాలి పెట్టి, బటన్ మీదుగా టైలర్ టేపు చుట్టి, వచ్చిన కొలతని 3.14తో భాగించండి. బటన్ బాగా అరిగిపోయి ఉంటే దానికి ఒక సెంటీమీటరు కలుపుకోండి. కొత్త టైరు ఎత్తు దీనికి 3 శాతం లోపు తేడాలో ఉండాలి. అంతకు మించితే స్పీడోమీటరు అబద్ధం చెబుతుంది, గేరు లాగుడు మారిపోతుంది.

షాపులో జరిగేదేమిటంటే, మీరు అంబాసిడర్‌కి 15 అంగుళాల రేడియల్ కావాలనగానే "165 స్టాకు లేదండి, 185/65 ఉంది, ఇవాళ్టికివాళ బిగించేస్తాం, లుక్కు అదిరిపోద్దండి" అంటారు. ఆ షాపాయన చెడ్డవాడేం కాదు, ఆయన దగ్గర ఉన్నది ఆయన అమ్ముకుంటున్నాడు. మీరు లెక్క వేయండి. 185/65 ఆర్15 ఎత్తు 621.5 మిల్లీమీటర్లు. 165/80 కన్నా 3.6 శాతం తక్కువ. మీటరు 60 చూపిస్తుంటే మీరు వెళ్లేది 58. అదేం పెద్ద విషయం కాదు. అసలు ఇబ్బంది రెండు చోట్ల. ఆ టైరుకి కనీసం 5 అంగుళాల రిమ్ము కావాలి, మీది 4 లేదా 4.5. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు వేస్తే పక్క గోడలు ఉబ్బి, బటన్ మధ్య భాగం మీదే బరువు పడి, మలుపులో టైరు ఊగుతుంది. రెండోది, కారు కిందకి 12 మిల్లీమీటర్లు దిగుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కించేటప్పుడు పలక అంచు దగ్గర సైలెన్సరు గీసుకుంటుందేమోనని గుండె గుప్పెట్లో పెట్టుకునేవాళ్లకి ఆ 12 మిల్లీమీటర్ల విలువ తెలుసు.

ఇటు ఇంకో పిచ్చి కూడా ఉంది, బొలేరో టైర్లు. 215/75 ఆర్15. ఎత్తు 703 మిల్లీమీటర్ల పైనే, అంటే 9 శాతం ఎక్కువ. మీటరు 60 చూపిస్తే కారు 65 మీద ఉంటుంది. పవర్ స్టీరింగ్ లేని అంబాసిడర్‌ని ఆ టైర్లతో అమలాపురం బజారులో వెనక్కి తిప్పడం ఒక శిక్ష.

అంబాసిడర్‌కి నా ఓటు 165/80 ఆర్15కే. 175/80 ఆర్15 ఎత్తు 661, దీనికి రిమ్ము 4.5 ఉండాలి. అది ఉంటే ఇదీ పనికొస్తుంది. పద్మినికి 155/80 ఆర్14 లెక్క ప్రకారం 604 మిల్లీమీటర్లు, పాతదానికి బాగా దగ్గర. అది దొరక్కపోతే ఇప్పటి చిన్న కార్లకి వచ్చే 165/80 ఆర్14 ప్రతి షాపులోనూ ఉంటుంది, ఎత్తు 620. పెట్టుకోవచ్చు, కానీ డబ్బు కట్టేముందు ఒక్క టైరు మాత్రం ముందు చక్రానికి బిగించి, స్టీరింగ్ ఇటు చివరి నుంచి అటు చివరిదాకా తిప్పించండి. తర్వాత ముందు సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి మళ్లీ తిప్పించండి. ఎక్కడా రాసుకోకపోతేనే మిగతావి తీసుకోండి.

సైజు చివర సి అనో, ఎల్‌టి అనో ఉంటే అవి సరుకు బండ్ల టైర్లు. పక్క గోడ గట్టిగా ఉంటుంది కాబట్టి కొందరు ఇష్టపడతారు. వాటికి గాలి ఎక్కువ పెట్టాలి, తేలికపాటి పాత కారులో ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది. మనుషులు ఎక్కే కారుకి నేను వద్దంటాను.

మన రోడ్ల సంగతి

సన్నగా, ఎత్తుగా అని అంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఇక్కడ అర్థమవుతుంది. డెల్టాలో కాలవ గట్టు రోడ్లు ఇరుకు. కింద నల్లమట్టి, ఎండకి కుంచించుకుపోయి, వానకి ఉబ్బుతుంది. అందుకే తారు అంచులు ఎక్కడికక్కడ విరిగి, మార్జిన్ కన్నా జానెడు ఎత్తున నిలబడి ఉంటాయి. ఎదురుగా కొబ్బరికాయల లారీయో, గడ్డి ట్రాక్టరో వస్తే మీరు రెండు చక్రాలు మార్జిన్‌లోకి దించక తప్పదు. దింపడం తేలికే. మళ్లీ తారు మీదకి ఎక్కేటప్పుడు ఆ విరిగిన అంచు టైరు పక్క గోడని చీరుతుంది.

నైలాన్ టైరు ఈ దెబ్బని చాలాసార్లు కాచుకుంటుంది. రేడియల్ పక్క గోడ పలచన, కాచుకోలేదు. లోపలి తాళ్లు తెగితే బయట నిమ్మకాయంత ఉబ్బు వస్తుంది. దానికి రిపేరు లేదు, ప్యాచీ వేసినా నిలవదు. అంటే మన దగ్గర రేడియల్ టైరు బటన్ అరిగి పోవడం కన్నా పక్క తెగి పోవడమే ఎక్కువ. ఈ ఒక్క కారణం చాలు, 65, 60 సిరీస్ పొట్టి టైర్లు వద్దనడానికి. 80 సిరీస్ టైరుకి పక్క గోడ ఎత్తుగా ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడు రిమ్ముకీ రోడ్డు అంచుకీ మధ్య నలిగిపోకుండా వంగడానికి చోటు ఉంటుంది.

మార్జిన్‌లోంచి పైకి ఎక్కేటప్పుడు రోడ్డుకి సమాంతరంగా జారుతూ ఎక్కకండి. వేగం బాగా తగ్గించి, స్టీరింగ్ కాస్త ఎక్కువ తిప్పి, టైరు బటన్ ముందుగా అంచుకి తగిలేలా ఎక్కించండి. నైలాన్‌తో ఎలా ఎక్కించినా నడిచింది, రేడియల్‌తో నడవదు. మీ డ్రైవరుకి కూడా ఈ మాట చెప్పి ఉంచండి.

బటన్ డిజైన్ విషయానికొస్తే, చుట్టూ నిలువుగా మూడు నాలుగు లోతైన గాళ్లు ఉన్నది తీసుకోండి. తుఫాను వానల్లో రోడ్డు మీద నిలిచిన నీళ్లని టైరు కింద నుంచి పక్కకి తోసేది ఆ గాళ్లే. కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, గడ్డి మీద మాత్రం ఏ టైరూ పట్టదు, అక్కడ వేగం తగ్గించడం ఒక్కటే దారి. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్లు రోడ్డు మీద వదిలిన బురదకైతే పెద్ద గుబ్బల టైర్లు ఉండాలని కొందరంటారు. ఏడాదిలో నాలుగు రోజుల బురద కోసం మిగతా రోజులంతా ఆ మోత ఎందుకండీ?

పక్క గోడ మీద ఏం చదవాలి

సైజు తర్వాత 87టి లాంటి గుర్తు ఉంటుంది. అంకె ఒక్కో టైరు మోయగల బరువు: 82 అంటే 475 కిలోలు, 87 అంటే 545 కిలోలు. అక్షరం వేగం: ఎస్ అంటే 180, టి అంటే 190. వేగం సంగతి మన పాత కార్లకి పట్టించుకోనక్కర్లేదు. బరువు పట్టించుకోవాలి. అంబాసిడర్ ఖాళీగానే 1,100 కిలోల పైమాట. వెనక ముగ్గురు, డిక్కీలో బియ్యం బస్తా, కొబ్బరికాయలు, పూతరేకుల డబ్బాలు వేసుకుని బయల్దేరితే భారం వెనక చక్రాల మీదే పడుతుంది. 87కి తగ్గకుండా చూసుకోండి. పద్మిని తేలిక, దానికి 82 సరిపోతుంది.

ఐఎస్ఐ గుర్తు తప్పకుండా ఉండాలి. కార్ల టైర్లకి వర్తించే ప్రమాణం ఐఎస్ 15633, ఆ అంకె కూడా పక్కనే కనిపిస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది తయారీ తేదీ. డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర, కోడిగుడ్డు ఆకారంలో గీసిన గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3424 అని ఉంటే 2024లో 34వ వారం, అంటే ఆగస్టు నెల. ఇది టైరుకి ఒక పక్కనే ఉంటుంది. కనిపించకపోతే టైరు తిప్పించి రెండో పక్క చూడండి, మొహమాటపడకండి. పాత కార్ల సైజులు నెమ్మదిగా అమ్ముడుపోతాయి కాబట్టి షాపులో ఏళ్ల తరబడి ఉండిపోయే ప్రమాదం వీటికే ఎక్కువ. ఎంత మెరిసిపోతున్నా రెండేళ్లు దాటినది తీసుకోకండి. ధర తగ్గిస్తామన్నా వద్దు. మన కార్లు ఏడాదికి తిరిగేదే కాస్త, బటన్ ఎలాగూ అరగదు. మీ టైరుకి ఆయుష్షు తీరేది వయసు వల్లే. ఐదేళ్లు దాటాక ఏటా విప్పించి లోపలా బయటా పగుళ్లు చూడాలి, పదేళ్లు దాటితే బటన్ ఎంతున్నా తీసేయాలి. ఇప్పుడు మీ కారుకి ఉన్న టైర్ల మీద ఆ నాలుగంకెలు చదివి చూడండి. అంకెలు మూడే ఉంటే అది 2000కి ముందు తయారైన టైరు. దాంతో గేటు దాటకండి.

పాత కార్ల కోసమే పాత బటన్ డిజైన్‌తో రేడియల్స్ చేసే కంపెనీలు విదేశాల్లో ఉన్నాయి, మిషెలిన్ కూడా చేస్తుంది. చూడముచ్చటగా ఉంటాయి, ఖరీదు అలాగే ఉంటుంది. మార్జిన్ అంచుకి ఒకటి తెగితే జత కోసం నెలల తరబడి ఆగాలి. మన రోడ్ల మీద రోజూ తిరిగే కారుకి ఇక్కడ దొరికేవే మేలు.

ట్యూబు వేయాలా, వద్దా?

ఇప్పుడొచ్చే రేడియల్స్ అన్నీ దాదాపు ట్యూబ్‌లెస్. కానీ ట్యూబ్‌లెస్‌గా వాడాలంటే రిమ్ములో బీడింగ్ కూర్చునే చోటుకి లోపలగా ఒక చిన్న గట్టు ఉండాలి. మలుపులో బీడింగ్ జారిపోకుండా ఆపేది అదే. ఖాళీ రిమ్ము మీద వేలు పెట్టి జరిపితే తగులుతుంది. పాత రిమ్ములకి ఆ గట్టు ఉండదు, పైగా తుప్పు గుంతల్లోంచి గాలి పోతూనే ఉంటుంది. గట్టు లేకపోతే ట్యూబు వేయవలసిందే.

ట్యూబు మీద ఆర్ అని, అంటే రేడియల్‌కి పనికొచ్చేదని రాసి ఉండాలి. పాత నైలాన్ ట్యూబు బాగుంది కదా అని అదే వేయకండి. రేడియల్ పక్క గోడ ఎక్కువ వంగుతుంది, మామూలు ట్యూబు ఆ రాపిడికి తట్టుకోలేదు. సైజు కూడా సరిగ్గా చూడండి, పెద్ద ట్యూబు లోపల మడతపడితే ఆ మడత దగ్గరే చిరుగుతుంది. టైరు లోపల కాగితం లేబుళ్లు ఏవైనా అంటించి ఉంటే పీకేయాలి. బిగించేముందు లోపలంతా ఫ్రెంచ్ చాక్ పౌడరు పలచగా పూయించండి.

నెక్, అంటే ట్యూబుకి గాలి పెట్టే వాల్వు గొట్టం, దాని సంగతి చాలామంది మర్చిపోతారు. ఇప్పటి ట్యూబుల నెక్కి 11.5 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది. కొన్ని పాత రిమ్ములకి 16 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది. పెద్ద రంధ్రంలో సన్న నెక్ పెడితే అటూ ఇటూ ఒరిగి మొదట్లో కోసుకుపోతుంది. రంధ్రానికి తగ్గ నెక్ ఉన్న ట్యూబు అడగండి, లేదా రబ్బరు బుష్ వేయించండి.

ఎన్ని కొనాలి?

ఐదు. నాలుగు కొని స్టెప్నీకి పాత నైలాన్ ఉంచుకోవడం మామూలుగా అందరూ చేసేదే, కానీ పంచరు పడిన రోజున ఒకే ఇరుసుకి ఒక పక్క రేడియల్, ఒక పక్క నైలాన్ అవుతాయి. బ్రేకు వేస్తే కారు ఒక పక్కకి లాగుతుంది. వానలో అయితే ఇంకా ప్రమాదం. డబ్బు చాలక ప్రస్తుతానికి రెండే కొనగలిగితే, ఆ రెండు రేడియల్స్‌ని వెనక వేయండి, ముందు నైలాన్ ఉంచండి. ముందు రేడియల్, వెనక నైలాన్ మాత్రం ఎన్నడూ వద్దు. ముందు చక్రాలు గట్టిగా పట్టి, వెనకవి జారి, కారు గిర్రున తిరుగుతుంది. కాలవ గట్టు మీద అలా తిరిగితే ఎక్కడికి పోతామో వేరే చెప్పనక్కర్లేదు.

బిగించేముందు, బిగించాక

ముందు జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత ఇటూ అటూ పట్టుకుని ఊపండి. పైనా కిందా ఊగితే బేరింగో, కింగ్ పిన్నులో, బాల్ జాయింట్లో పోయినట్టు. పక్కలకి ఊగితే టై రాడ్ ఎండ్లు, స్టీరింగ్. ఇవన్నీ సరిచేయించాకే కొత్త టైర్లు. అరిగిన బుష్‌ల మీద రేడియల్ వేస్తే మూడు నెలల్లో ఒక అంచు నున్నగా అయిపోతుంది, తర్వాత తిట్టేది టైరు కంపెనీని. అంబాసిడర్‌కి ముందు స్ప్రింగుల బదులు మెలితిరిగే కడ్డీలు, అంటే టార్షన్ బార్లు ఉంటాయి. కారు ముందు భాగం ఒక పక్కకి ఒరిగి ఉంటే వాటి ఎత్తు కూడా అప్పుడే సరిచేయించండి.

వీల్ ఎలైన్‌మెంట్ దగ్గర కుర్రాడు కంప్యూటర్‌లో మీ కారు పేరు వెతికి, దొరక్క ఏదో ఒక కారు లెక్క పెట్టేస్తుంటాడు. టో-ఇన్ అంటే ముందు చక్రాల ముందు అంచులు కొద్దిగా లోపలికి తిరిగి ఉండటం, దాని గురించి మీరే చెప్పండి: "బాబూ, ఇది రేడియల్, టో-ఇన్ నైలాన్‌కి పెట్టినంత వద్దు, సున్నాకి దగ్గరగా కొద్దిగా లోపలికి ఉంచు." బ్యాలెన్సింగ్ ఐదు చక్రాలకీ చేయించండి.

గాలి విషయంలో పాత అలవాటు పనికిరాదు. నైలాన్‌కి 24 పాయింట్లు (పీఎస్ఐ) పెట్టించుకునేవాళ్లు రేడియల్‌కీ అంతే అంటారు. రేడియల్ పక్క గోడ సరిగ్గా గాలి ఉన్నా కొంచెం ఉబ్బెత్తుగానే కనిపిస్తుంది, కాబట్టి కంటితో చూసి నిర్ణయించకండి, గేజీ ఒకటి కొనుక్కుని కారులో పెట్టుకోండి. అంబాసిడర్‌కి ముందు 28, వెనక 30తో మొదలుపెట్టండి, నిండా మనుషులతో వెళ్తే వెనక 32. పద్మినికి ముందు 26, వెనక 28. టైరు మీద రాసిన గరిష్ఠ అంకె ఎప్పుడూ దాటకూడదు. పొద్దున్నే కారు కదలకముందు చూడాలి. రోహిణి కార్తె ఎండల్లో పది కిలోమీటర్లు వెళ్లి వచ్చాక చూస్తే అంకె పెరిగే ఉంటుంది, అది చూసి గాలి తీసేయకండి.

మీ కారుకి ఎంత గాలి సరిపోతుందో టైరే చెబుతుంది. బటన్ మీద అడ్డంగా సుద్దముక్కతో మందంగా గీత గీసి, సిమెంటు గచ్చు మీద నేరుగా నాలుగు గజాలు నడిపి దిగి చూడండి. గీత మొత్తం సమానంగా చెరిగితే గాలి సరిగ్గా ఉంది. మధ్యలోనే చెరిగితే ఎక్కువ, రెండు అంచుల్లోనే చెరిగితే తక్కువ. రెండేసి పాయింట్లు మార్చుకుంటూ చూస్తే పది నిమిషాల పని.

కారుని నెలల తరబడి కదపకుండా ఉంచేవాళ్లు ఇరుసుల కింద స్టాండ్లు పెట్టి చక్రాలు లేపి ఉంచడం మంచిది. అది కుదరకపోతే పది పదిహేను రోజులకోసారి కొంచెం ముందుకో వెనక్కో జరపండి, లేకపోతే కింద ఆనిన చోట టైరు చదునై, తీసిన రోజున దడదడ కొడుతుంది. వరదలప్పుడు షెడ్డులోకి నీళ్లొచ్చి చక్రాలు మునిగితే, నీళ్లు తీశాక టైర్లు విప్పించి ట్యూబుకీ టైరుకీ మధ్య చేరిన తడి ఆరబెట్టించండి. బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు, లోపల మాత్రం రిమ్ము మెల్లగా తుప్పు పడుతూనే ఉంటుంది.

కొత్త టైర్లతో మొదటి 200 కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. అచ్చులోంచి వచ్చిన జిడ్డు పోయేదాకా రబ్బరు పూర్తిగా పట్టుకోదు. ఇల్లు చేరాక ఒకసారి, 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి వీలు స్పానరు పట్టుకుని నట్లన్నీ మీ చేత్తో మీరే బిగించి చూసుకోండి. శుభ్రం చేసిన రిమ్ముకి కొత్తగా వేసిన పెయింటు నట్టు కింద నలిగి, బిగువు కాస్త సడలుతుంది. స్టెప్నీలో గాలి కూడా అదే రోజు చూడండి.